హన్నా తిన్న రెండో బిళ్ళ

2015 జూన్ 4న ఇంగ్లండులో పదహారేళ్ళ పిల్లలు ఒక సంచీని చూసి బెంబేలెత్తిపోయారు. అందులో పాము లేదు, తేలు లేదు. చప్పరించే బిళ్ళలున్నాయి, అంతే. జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటిది) లెక్కల పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలు ఆ పూట ట్విట్టర్ మీద పడి పేపరు తయారుచేసినవాళ్ళనీ, బిళ్ళలు తిన్న హన్నానీ కలిపి ఉతికి ఆరేశారు.

ఎడెక్సెల్ బోర్డు వేసిన ఆ ప్రశ్న ఇదీ. సంచీలో మొత్తం ఎన్ని బిళ్ళలున్నాయో చెప్పరు, ‘ఎన్’ అనుకోమంటారు. వాటిలో 6 నారింజ రంగువి, మిగతావి పసుపు. హన్నా చూడకుండా ఒకటి తీసి నోట్లో వేసుకుంది. ఇంకోటి తీసి అదీ వేసుకుంది. రెండూ నారింజవే కావడానికి అవకాశం మూడింట ఒక వంతు. అలాగైతే ఎన్ స్క్వేర్ మైనస్ ఎన్ మైనస్ 90 ఈక్వల్ టు సున్నా అని చూపించు.

ఇంటర్‌లో ఎంపీసీ వెలగబెట్టినవాళ్ళు దీన్ని బస్సు టికెట్ వెనకాల చేసేయొచ్చు. మొదటిది నారింజ కావడానికి ఎన్‌లో 6. అది కడుపులోకి పోయాక సంచీలో నారింజవి 5, మొత్తం ఎన్ మైనస్ 1. రెంటినీ గుణిస్తే పైన 30, కింద ఎన్ ఇంటూ ఎన్ మైనస్ 1. అది మూడింట ఒక వంతు అవ్వాలంటే కిందది 90 అవ్వాలి. అంటే ఎన్ విలువ 10. పది బిళ్ళల కోసం దేశమంతా గగ్గోలు.

పిల్లల్ని వెక్కిరించడం నా పని కాదు. ఆ ప్రశ్న వేయడమూ న్యాయమే. ఆ 5 అనే అంకె దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. 6 కాస్తా 5 ఎందుకైంది? మొదటి బిళ్ళ అరిగిపోయింది గనక. రెండో బిళ్ళకి మొదటి బిళ్ళతో చుట్టరికం ఉంది గనక. ఆ చుట్టరికం చూసుకోకుండా 6ని 6తో గుణించిన పిల్లకి మార్కు పోతుంది. ఇంగ్లండులో పదహారేళ్ళ పిల్లకి పడే శిక్ష అది. ఇదే తప్పు పెద్దవాళ్ళు చేస్తే ఏమవుతుందన్నదే ఇక్కడ నా గోల.

అదే ఏడాది అక్టోబరులో నేషనల్ లాటరీవారు తమ సంచీలో 49 బంతుల్ని 59 చేశారు. అప్పటిదాకా ఆరు అంకెలూ కలిసే అవకాశం 1,39,83,816లో ఒకటి. అప్పట్నుంచి 4,50,57,474లో ఒకటి. పెరిగినవి పది బంతులే కదా అనిపిస్తుంది, అవకాశం మాత్రం ఉన్నదాంట్లో మూడో వంతుకు లోపల పడిపోయింది. సంచీలో ఎన్నున్నాయో చెప్పనందుకు పిల్లలు గొడవ చేశారు. ఎన్నున్నాయో అచ్చువేసి మరీ చెప్పినా పెద్దవాళ్ళు రెండేసి పౌండ్లు పట్టుకుని సందు చివరి దుకాణం ముందు వరస కట్టారు. వాళ్ళకి మార్కులు కోసేవాళ్ళెవరూ లేరు, పౌండ్లు కోసేవాళ్ళు తప్ప.

సామాన్యుల సంగతి వదిలేద్దాం, చట్టాలు చేసేవాళ్ళ దగ్గరికి పోదాం. 2012లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీవారు 97 మంది ఎంపీలను ఒక చిన్న ప్రశ్న అడిగారు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే రెండుసార్లూ బొమ్మే పడే అవకాశమెంత? మన ఊళ్ళలో గోలీలాట మొదలెట్టే ముందు పందెం వేసుకునే పిల్లకాయలకు పుస్తకం చదవకుండా తెలిసే సంగతి. సరిగ్గా చెప్పినవాళ్ళు 40 శాతం. పదేళ్ళు ఆగి 2022లో ఎంపీలను మళ్ళీ అడిగితే 52 శాతం. పదేళ్ళకు 12 శాతం చొప్పున ఎదుగుతున్నారన్నమాట. ఈ లెక్కన 2062 నాటికి బ్రిటిష్ పార్లమెంటు మొత్తానికి నాణెం సంగతి తెలిసిపోతుంది. కానీ ఇలా రెండు చుక్కల మీదుగా గీత గీసి, దాన్ని భవిష్యత్తులోకి పొడిగించడం తప్పని ‘ఏ లెవెల్’ (మన ఇంటర్ లాంటిది) పిల్లలకు నేర్పుతారు. ఎక్స్‌ట్రాపొలేషన్ అంటారు దాన్ని. నమ్మదగింది కాదని రాస్తే మార్కు.

2023 జనవరిలో ప్రధాని రిషి సునాక్‌కి లెక్కల మీద ప్రేమ పొంగింది. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ప్రతి పిల్లా పిల్లాడూ ఏదో ఒక రూపంలో లెక్కలు చదవాల్సిందే అన్నారు. మంచిదే. పద్దెనిమిది దగ్గరే ఎందుకాగారా అని నేను చాలాసేపు ఆలోచించాను. తర్వాత వెలిగింది. బ్రిటన్‌లో పార్లమెంటుకు పోటీ చేసే అర్హత మొదలయ్యేది సరిగ్గా పద్దెనిమిదికే. లెక్కల బాధ తీరే రోజూ, లెక్కలేనితనం చెల్లుబాటయ్యే రోజూ ఒకటేనన్నమాట.

ఇక మా ఇంటి సంగతి. మేముండేది హీత్రో విమానాశ్రయం దగ్గరి హౌన్స్‌లోలో. నెత్తి మీద విమానం, ముక్కు మీద వాన. మా అమ్మాయి ఏ లెవెల్ లెక్కలు చదువుతోంది. ఒక రాత్రి వంటింటి బల్ల దగ్గర కూచుని కళ్ళు మూసుకుని ఏదో జపం చేస్తోంది. కాంబోర్న్, హర్న్, హీత్రో, లీమింగ్, లూకర్స్. బీజింగ్, జాక్సన్‌విల్, పెర్త్. చిన్నప్పుడు మేం రాష్ట్రాలు, రాజధానులు వల్లించినట్టే ఉంది వరస.

“జాగ్రఫీ ఎప్పుడు తీసుకున్నావమ్మా?” అన్నాను.

“ఇది స్టాటిస్టిక్స్ నాన్నా.”

2017లో ఏ లెవెల్ లెక్కల్ని తిరగరాసినప్పుడు ప్రతి బోర్డూ ‘లార్జ్ డేటా సెట్’ అని ఒకదాన్ని పిల్లలకు ముందే ఇవ్వాలన్నారు. ఉద్దేశం బంగారం. నిజమైన అంకెల గుట్టను పిల్లల ముందు పోసి, అందులో చెయ్యిపెట్టి కెలకమనడం. ఎడెక్సెల్‌వారు వాతావరణ శాఖ అంకెలిచ్చారు. పై అయిదూ ఈ దేశంలోని కేంద్రాలు, తర్వాతి మూడూ బయటివి. 1987లో మే నుంచి అక్టోబరు దాకా, 2015లో మళ్ళీ అవే నెలలు. పిల్లలు కెలికి తెలుసుకున్నదేమిటయ్యా అంటే, లూకర్స్ స్కాట్లండులో ఉంది గనక చలి ఎక్కువ. పెర్త్ భూమధ్యరేఖకు దిగువన ఉంది గనక అక్కడ జూన్‌లో శీతాకాలం. మేఘాలను కొలిచేది ఆక్టాల్లో. వాన పడిందా లేదా అని నేలకే అనుమానం వచ్చేంత కొంచెంగా పడితే పట్టికలో ‘టీఆర్’ అని రాస్తారు, లెక్కలోకి దిగేటప్పుడు దాన్ని సున్నా అనుకోవచ్చు. మన తుంపరకు ఇంగ్లండులో దక్కిన గౌరవం అది. హీత్రోలో గాలి ఎలా ఉందో తెలియాలంటే మా అమ్మాయి కిటికీ తెరిస్తే చాలు. తెరవదు. పరీక్షలో అడిగేది 1987 నాటి గాలి.

ఆ 1987 పట్టికలో అక్టోబరు 15, 16 తేదీలు కూడా ఉన్నాయి. 15న బీబీసీలో వాతావరణం చెప్పే మైకేల్ ఫిష్, తుపాను వస్తోందని ఒకావిడ ఫోన్ చేసిందట, అలాంటిదేమీ లేదు, కంగారుపడకండి అని చెప్పారు. ఆ రాత్రి వచ్చిన గాలివానకు బ్రిటన్‌లో 18 మంది చనిపోయారు, కోటిన్నర చెట్లు కూలాయి. సంభావ్యత అంటే ఏమిటో, ‘రాకపోవచ్చు’కీ ‘రాదు’కీ మధ్య తేడా ఎంతో పిల్లలకు చెప్పడానికి ఇంతకు మించిన పాఠం ఉంటుందా? ఆ రాత్రి వాళ్ళ చేతిలోనే ఉంది, అంకెల రూపంలో. అయినా ఆక్టాలు బట్టీపడుతున్నారు.

ఇక నవ్వు ఆపి చెప్పాల్సిన మాట ఒకటుంది.

చెషైర్‌లో శాలీ క్లార్క్ అనే న్యాయవాది ఉండేది. 1996లో ఒక బిడ్డ, 1998లో ఇంకో బిడ్డ, ఇద్దరూ నెలల పసికందులుగానే పోయారు. తల్లే చంపిందని కేసు పెట్టారు. పిల్లల వైద్యంలో పెద్ద పేరున్న సర్ రాయ్ మెడో సాక్ష్యం చెప్పడానికొచ్చారు. సిగరెట్టు తాగని, సంపాదన ఉన్న ఇలాంటి ఇంట్లో పసిబిడ్డ కారణం తెలియకుండా నిద్రలోనే పోయే అవకాశం 8,543లో ఒకటి అన్నారు. మరి ఇద్దరు పోవడానికి? 8,543ని 8,543తో గుణించారు. 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి. గుర్రప్పందెంలో ఎవరూ ఆశపెట్టుకోని గుర్రం మీద వరసగా నాలుగేళ్ళు పందెం కట్టి నాలుగేళ్ళూ గెలవడం లాంటిదని పోలిక కూడా చెప్పారు. 1999 నవంబరులో చెస్టర్ క్రౌన్ కోర్టు ఆమెకు యావజ్జీవం వేసింది.

6 ఇంటూ 6. హన్నా పరీక్షలో మార్కు పోయే గుణకారం.

ఆ ఇద్దరు బిడ్డలూ ఒకే తల్లి కడుపున పుట్టారు. ఒకే ఇంట్లో పడుకున్నారు, ఒకే నెత్తురు పంచుకున్నారు. ఒకరిని తీసుకుపోయిన తెలియని కారణం ఏదో వంశంలోనే ఉంటే రెండోవాడికి ప్రమాదం ముందే పొంచి ఉన్నట్టు. ఇంతకు మించిన చుట్టరికం ఇంకెక్కడుంటుంది? చుట్టరికం ఉందా అని అడగకుండా గుణకారం చేయకూడదని పదహారేళ్ళ పిల్లలకు ఈ దేశమే పరీక్ష పెట్టి చెబుతోంది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. పోనీ, ఆ అంకె నిజమే అనుకుందాం. దానర్థం ఆమె నిర్దోషి అయ్యే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అని కాదు. లాటరీలో ఎవరో ఒకాయనకు జాక్‌పాట్ తగిలింది. ఆయన టికెట్టుకు తగిలే అవకాశం నాలుగున్నర కోట్లలో ఒకటి. అంత అరుదైనది జరిగింది గనక ఆయన మోసమే చేసి ఉంటాడని జైల్లో వేస్తామా? ఇద్దరు పిల్లలు కారణం తెలియకుండా పోవడం అరుదే. కన్నతల్లి ఇద్దరు పిల్లల్ని చంపుకోవడం కూడా అరుదే. ఈ రెండు అరుదుల్లో ఏది ఎంత అరుదు అన్నది తూచాలి. తక్కెడలో ఒక పళ్ళెమే పెట్టి తూకం చెప్పారు, పన్నెండుమంది జూరర్లు ఆ తూకం విన్నారు.

2000లో మొదటి అప్పీలు కొట్టేశారు. 2001 అక్టోబరులో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ అంకెకు ఆధారం లేదని బహిరంగంగా చెప్పాల్సివచ్చింది. వైద్య పరీక్షల్లో దొరికిన వివరాలను కోర్టుకు చూపించలేదని బయటపడ్డాకే, 2003 జనవరిలో ఆమెను విడిచిపెట్టారు. ఆ అంకె జూరీని పక్కదారి పట్టించేదేనని అప్పుడు కోర్టూ ఒప్పుకుంది. మూడేళ్ళకు పైగా జైలు. 2007లో, 42 ఏళ్ళ వయసులో ఆమె పోయింది. డాక్టర్ల జాబితా నుంచి మెడోగారి పేరు 2005లో తీసేశారు, 2006లో హైకోర్టు తిరిగి పెట్టించింది.

హన్నా లెక్కలో ఈ తప్పుకు పోయేది ఒకటో రెండో మార్కులు.

దీని తర్వాత కోర్టులు బుద్ధిగా కూచుని సంభావ్యత నేర్చుకుని ఉంటాయని మీరు అనుకోవచ్చు. కానీ అంతకు ముందే, 1996లోనే, డెనిస్ ఆడమ్స్ అనే ఆయన కేసులో బేయస్ సిద్ధాంతాన్ని జూరీ ముందు పరచడం తగదని అప్పీలు కోర్టు తేల్చేసింది. జూరీవాళ్ళు అక్కర్లేని సిద్ధాంతాల్లో కూరుకుపోతారట. 2013లో ఇంకో సివిల్ కేసు, ఒక అగ్నిప్రమాదం ఎలా జరిగిందన్న గొడవ. జరిగిపోయినదాని గురించి ఇది జరిగే అవకాశం 25 శాతం అనకూడదని, జరిగితే జరిగినట్టు, లేకపోతే లేనట్టేనని అదే అప్పీలు కోర్టు సెలవిచ్చింది. అయ్యా, జరిగిందో లేదో తెలియకే కదా మీ మెట్లెక్కింది! తెలిస్తే మీకూ మాకూ ఈ విగ్గుల ఖర్చెందుకు?

ఇంతకీ ఆ బేయస్ ఎవరో కాదు. టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే ఊళ్ళో ప్రార్థనలు చేయించే పాస్టరు. 1761లో పోయాడు. కాగితాల్లో దొరికిన వ్యాసాన్ని మిత్రుడు రిచర్డ్ ప్రైస్ 1763లో వెలుగులోకి తెచ్చాడు. కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు పాత నమ్మకాన్ని ఎంత సవరించుకోవాలన్నదే దాని సారం. కోర్టుల పనీ అదే కదా! సమాధి లండన్ నడిబొడ్డున బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఉంది. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ కార్యాలయం అక్కణ్ణుంచి నాలుగడుగులు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ పెరట్లోనే పాతిపెట్టుకున్నారు.

అన్నట్టు, ఆ సిద్ధాంతాన్ని నేనూ ఇంటర్‌లో చదివాను. బేయస్ సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించుము, 7 మార్కులు. గైడులో చుక్క గుర్తు, పక్కన ‘వెరీ ఇంపార్టెంట్’. నిరూపణ బట్టీపట్టి ఏడుకి ఏడూ కొట్టాను. బేయస్ ఫ్రెంచివాడనుకునేవాణ్ణి. అది దేనికి పనికొస్తుందో మా లెక్చరర్ చెప్పలేదు, మేం అడగలేదు, మార్కులు పడ్డాయి గనక ఇరువైపులా ఫిర్యాదుల్లేవు.

2020 సంగతి తొందరగా చెప్పేస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండే ఇళ్ళు ఈ దేశంలో చాలా ఉన్నాయి. కోవిడ్ వల్ల పరీక్షలు పెట్టలేదు. ఇంగ్లండులో పరీక్షల్ని అజమాయిషీ చేసే ఆఫ్‌క్వల్ ఒక సూత్రం కట్టింది. టీచర్లు ఇచ్చిన గ్రేడ్లను తీసుకుంది గానీ, వాటికన్నా వాళ్ళు ఇచ్చిన ర్యాంకుల్నీ, ఆ బడిలో అంతకుముందు మూడేళ్ళ ఫలితాల్నీ ఎక్కువ నమ్మింది. మీ బడిలో ఎవరికీ ‘ఏ స్టార్’ గ్రేడు రాలేదా? అయితే నీకూ రాదు పో. నువ్వు రామానుజన్‌వే కావచ్చు, మీ వీధికి ఆ వాటా లేదు. ఒక సబ్జెక్టులో అయిదుగురో అంతకన్నా తక్కువో ఉంటే మాత్రం టీచరు మాటే వేదం, ఎందుకంటే చిన్న శాంపిల్ మీద సగటును నమ్మకూడదు. సూత్రం సరైనదే. అయితే అయిదుగురు కూచునే తరగతులు ఎక్కువగా ఉండేది ఫీజులు కట్టే బడుల్లో. సూత్రం వెళ్ళి ఎవరి నెత్తిన పాలు పోసిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆగస్టు 13న ఫలితాలొచ్చాయి. టీచర్లు ఇచ్చిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం కిందికి దిగిపోయాయి. పిల్లలు అట్టలు పట్టుకుని వీధికెక్కారు, ఆల్గోరిథమ్‌ని పేరుపెట్టి బూతులు తిట్టారు. లెక్కల సూత్రాన్ని జనం వీధిలో నిలబడి తిట్టడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు. 17న ప్రభుత్వం తోక ముడిచి టీచర్ల గ్రేడ్లే ఖాయం అంది. 26న ప్రధాని బోరిస్ జాన్సన్ ఒక బడికి వెళ్ళి, తప్పంతా ‘మ్యూటెంట్ ఆల్గోరిథమ్’ది అన్నారు. ఆడలేక మద్దెల ఓడు. ఆ మద్దెల గబ్బిలం నుంచి రాలేదు మహాప్రభో, మీ ఆఫీసులోనే కట్టారు. కట్టేముందు సాయం చేస్తామని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఇద్దరు నిపుణుల పేర్లిచ్చింది. నోరు విప్పబోమన్న ఒప్పందం మీద సంతకం పెడితేనే రమ్మన్నారు. వాళ్ళు పెట్టలేదు, వీళ్ళు రానివ్వలేదు.

ఇంతసేపూ దొరల్ని తిట్టి మనల్ని వదిలేస్తే అది పక్షపాతం అవుతుంది.

కేంబ్రిడ్జ్‌లో లెక్కలు చదవాలంటే ఏ లెవెల్ చాలదు, స్టెప్ అనే పరీక్ష రాయాలి. పేరుకు మెట్టు, ఎక్కబోతే కొండ. పేపరుకు మూడు గంటలు, 12 ప్రశ్నలు, కాలిక్యులేటర్ ముట్టకూడదు. ఎన్ని రాసినా బాగా చేసిన ఆరింటినే లెక్కలోకి తీసుకుంటారు. మొదటి ఎనిమిదీ ప్యూర్, తర్వాతి రెండూ మెకానిక్స్, చిట్టచివర అంటరానివాళ్ళలా దూరంగా రెండు, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్. 2019లో కన్నుమూసిన కేంబ్రిడ్జ్ గణితజ్ఞుడు స్టీఫెన్ సిక్లోస్ ఇలాంటి లెక్కల్ని ఒక్కొక్కటీ విడమరచి పుస్తకం రాసి, ఎవరైనా ఉచితంగా దించుకునేలా వదిలి వెళ్ళారు. అలాంటి దానం చేసినవాణ్ణి మనవాళ్ళు నమ్మరు. గంటకు యాభై పౌండ్లు తీసుకుంటేనే అది చదువు.

శనివారం పూట ఎవరింట్లోనైనా భోజనాలకు చేరితే చూడండి. బిర్యానీ గిన్నె పక్కన నిలబడి నాన్నలు చెప్పే సలహా ఒకటే. “చివరి రెండూ ముట్టుకోకు నాన్నా, ప్యూర్ చేసుకో, స్కోరింగు.” ఛాయిస్‌లో వదిలేయడం మన జాతీయ కళ. విమానమెక్కి అయిదువేల మైళ్ళు వచ్చినా దాన్ని ఛాయిస్‌లో వదల్లేదు. పొద్దున లేస్తే వీళ్ళంతా చేసేది ఏమిటి? ఒకాయన ఇన్సూరెన్సు కంపెనీలో, ఒకాయన బ్యాంకు రిస్కు విభాగంలో, ఇంకొకాయన మందుల ట్రయల్స్‌లో. చివరి రెండు ప్రశ్నల మీదే ఇంటి అప్పు వాయిదాలు కడుతున్నారు, పిల్లలకు మాత్రం వాటి మొహం చూడొద్దంటున్నారు.

నేనూ అదే అన్నాను మా అమ్మాయితో. దాచుకోను.

మొన్న అలాంటి భోజనాల దగ్గరే సి.ఆర్. రావు పేరెత్తాను. “గచ్చిబౌలిలో రోడ్డు కదా అది?” అన్నాడొకాయన. రోడ్డే. ఆ రోడ్డుకు పేరిచ్చిన కల్యంపూడి రాధాకృష్ణారావు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ తండ్రి బదిలీలు ఎక్కడికైతే అక్కడ చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో పీజీ చేసినవాడు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. పాతికేళ్ళ వయసులో, 1945లో, కలకత్తా మేథమేటికల్ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసంతో ప్రపంచంలోని ప్రతి స్టాటిస్టిక్స్ పుస్తకంలోకీ ఎక్కేశాడు. క్రామర్-రావ్ అవధి అంటారు. ఎటూ మొగ్గని పద్ధతుల్లో ఎంత తెలివైనది వాడినా నీ అంచనాలో ఇంతకన్నా తక్కువ తడబాటు సాధ్యం కాదు అని గీత గీసి చూపడం. 1946లో కేంబ్రిడ్జ్ మ్యూజియంవాళ్ళు సూడాన్ తవ్వకాల్లో దొరికిన పాత ఎముకల కొలతలు తేల్చిపెట్టమని పిలిస్తే వచ్చాడు. ఆ పని చేస్తూనే ఆర్.ఏ. ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 2011లో ఇదే రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆయనకు గై బంగారు పతకం ఇచ్చింది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, ఆ ఆగస్టులోనే 102 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయాడు.

మన నాన్నల సలహా విని ఆ చివరి రెండూ ఛాయిస్‌లో వదిలేసి ఉంటే, ఏ తాలూకాఫీసులోనో హాయిగా రిటైరయ్యేవాడు.

ఆ భోజనాల నుంచి ఇంటికొస్తుంటే కారు వెనకసీట్లోంచి మా అమ్మాయి ఒక లెక్క అడిగింది. “నాన్నా, మనం టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళాం కదా. అక్కడ రెండొందలమంది చెప్పులు విడిచారనుకో. కరెంటు పోయింది, అందరూ చీకట్లో చేతికి దొరికిన జత వేసుకుని పోయారు. సగటున ఎంతమందికి తమ చెప్పులే దొరుకుతాయి?”

“నాకైతే ఎప్పుడూ దొరకవు” అన్నాను.

“ఒక్కరికి.”

“అయిదువేలమంది వస్తే?”

“అప్పుడూ ఒక్కరికే.”

నేను నమ్మలేదు. కారు ఆపాక కాగితం మీద చూపించింది. మనుషులు రెండొందలైతే ఒక్కొక్కరికి తమ జత దొరికే అవకాశం రెండొందల్లో ఒకటి. అలాంటివి రెండొందలు కూడితే ఒకటి. అయిదువేలైనా అంతే, అయిదువేల్లో ఒకటి అయిదువేలసార్లు. “మరి ఒకడి చెప్పులు ఇంకొకడు వేసుకుపోతే ఆ ఇంకొకడికి తనవి దొరకవుగా? ఒకదానికొకటి లింకు ఉందిగా?” అని నా ఇంటర్ తెలివి చూపించాను.

“ఉంది నాన్నా. కూడేటప్పుడు లింకు ఉన్నా పరవాలేదు. గుణించేటప్పుడే ముందు చూసుకోవాలి.”

1999లో పన్నెండుమంది జూరర్ల ముందు గుణించినవాళ్ళు చూసుకోని మాట అది. పదిహేడేళ్ళ పిల్ల కారు సీటు బెల్టు విప్పుకుంటూ చెప్పేసింది. స్టెప్‌లో చివరి రెండు ప్రశ్నలూ చేసుకుంటానంది. చేసుకోమన్నాను.

ఇక మీకో మనవి. ఈ దేశంలో మీ నియోజకవర్గం ఎంపీ వీలైనప్పుడల్లా ‘సర్జరీ’ పెట్టి జనం మొర వింటారు, ఎక్కువగా శుక్రవారాలు. మనవాళ్ళు వీసాల గురించో, పక్కింటివాడి కంచె గురించో తప్ప వెళ్ళరు. ఈసారి జేబులో ఒక పౌండు బిళ్ళ వేసుకుని వెళ్ళండి. బల్ల మీద రెండుసార్లు ఎగరేసి, రెండుసార్లూ బొమ్మే పడే అవకాశమెంతండీ అని మర్యాదగా అడగండి. జవాబు పావు వంతు. మీ వెంట పదహారేళ్ళ పిల్లనెవరినైనా తీసుకెళ్ళండి, ఎంపీకి జవాబు రాకపోతే ఆవిడే చెబుతుంది.